పెద్దాయన వంతు శనివారం

మొన్న మంగళవారం పొద్దున మా పక్కింటి పెద్దాయన పోయారు. ఆయన కూతురు మా తలుపు కొట్టి, "నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు" అని చెప్పింది. "కాఫీ తాగుతారా?" అన్నాను. వచ్చి కూర్చుంది. ఇద్దరం ఏడ్చాం.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో మేం ఈ డబ్లిన్‌కి వచ్చినప్పుడు, కాలిఫోర్నియాలో ఊరికి ఐర్లండ్ రాజధాని పేరేమిటని నాకు వింత. పక్కింటి పెద్దాయన నిజంగానే ఐర్లండ్ మనిషి. రైతు కొడుకు, ఇక్కడ వడ్రంగం చేస్తూ తర్వాతెప్పుడో రిటైరయ్యారు. మా పెరట్లో నేల రాయిలా ఉంటే, గోంగూర గింజలు గుప్పిట్లో పట్టుకుని నేను దిక్కులు చూస్తున్నాను. కంచె మీంచి చూసి, పార భుజాన వేసుకుని వచ్చేశారు. సాయంత్రానికి మడి తయారు. థాంక్స్ చెబితే ముఖం చిట్లించారు.

"థాంక్స్ వద్దు. వచ్చే శనివారం నువ్వు నా బంగాళాదుంపల మడికి రా. మా ఊళ్లో పద్ధతి అది."

మా గుంటూరు వైపు నాట్లప్పుడూ అంతే కదా, ఇవాళ నీ చేనుకి, రేపు నా చేనుకి. నాకు ప్రాణం లేచొచ్చింది. మావారు మాత్రం, "వీకెండ్ హాయిగా రిలాక్స్ అవ్వక ఈ కూలిపనేంటే నీకు?" అని వెక్కిరించేవారు.

భార్య పోయాక ఆయనతో వాళ్ల ఐరిష్ భాష మాట్లాడేవాళ్లు ఇంట్లో లేరు. కూతురికి చిన్నప్పుడు నేర్పబోతే, "డాడ్, ఇక్కడ అది దేనికి పనికొస్తుంది?" అందట. ఆ మాట ఆయన్ని చివరిదాకా గుచ్చుతూనే ఉంది. "నాతోపాటే పోతుంది, మా ఇంట్లో ఇంకెవరికీ రాదు" అనేవారు. అందుకే ఓ రూలు పెట్టారు: చేసే పనిని ఆయన పెరట్లో నేను ఐరిష్‌లో చెప్పాలి, మా పెరట్లో ఆయన తెలుగులో చెప్పాలి.

మొదటి పాఠం దున్నడమే. దున్ను అనడానికి 'ట్రావ్'. నేను ఎగిరి గంతేసి, "ఇది మా తవ్వు!" అన్నాను. "ముఖం కలిసినంత మాత్రాన చుట్టాలైపోరమ్మా" అని నవ్వారు. దాని పుట్టిల్లు వేరట. ఇల్లు అనే పాత మాట నుంచి వచ్చిందట. ఒకచోట నివాసముండటం, ఆ నేల దున్నడం, రెండింటికీ వాళ్ల పెద్దలకి ఒకటే మాట. మాకూ సేద్యం చేసేవాడు కాపు, ఇల్లు నిలుపుకోవడం కాపురం అని చెబితే, పార వదిలేసి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

దున్నుతాను అంటే 'ట్రావిమ్'. దున్నుతాం అంటే 'ట్రావిమిద్'. ఇప్పటి పని చెప్పేటప్పుడు నేను, మేము మాటకి అంటుకునే ఉంటారు. నువ్వు, వాడు, వాళ్లు విడిగా నిలబడాలి. "పార పట్టినవాళ్లకే లోపల చోటు" అనేవారు. నిన్న దున్నానంటే 'హ్రావ్ మే', మొదటి అక్షరం మెత్తబడుతుంది. ఎందుకని అడిగితే, "ఒకసారి దున్నిన నేల మెత్తగా ఉండదూ?" అన్నారు. అది వ్యాకరణం కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా నాకు అలాగే గుర్తుండిపోయింది.

ఆయన తెలుగు ఇంకో ముచ్చట. 'దున్నాను' ఒక్కటే బాగా పట్టుబడింది, అందరికీ అదే వాడేవారు. ఎవరిదో కుక్క మా మడి గోకేస్తే వేలు చూపించి, "కుక్క దున్నాను!" అని అరిచారు. మా పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఈ ఏడాది ఆయన గుండె నీరసించింది. మార్చిలో నేను ఆయన దుంపల మడి చేస్తుంటే, కుర్చీలో కూర్చుని నా మాటలు దిద్దారు. తర్వాత మా పెరటికి రావలసిన వంతు ఆయనది. మంచం మీంచి లేవలేక, "నీ శనివారం అలాగే ఉండిపోయిందమ్మా" అన్నారు. "తొందరేముందండీ, గోంగూరేగా" అన్నాను. ఆయన ఊరుకోలేదు, మళ్లీ మళ్లీ అదే మాట.

నిన్న శనివారం. గింజలు వెయ్యబుద్ధి కాక వంటింట్లో కూర్చున్నాను. పెరట్లో చప్పుడైతే చూశాను. ఆయన కూతురు, ఆఫీసు బూట్లతో, చేతిలో నాన్న పార.

"ఇవాళ డాడ్ వంతు కదా" అంది.

నేనూ ఓ పార తెచ్చుకున్నాను. ఇద్దరం చెరో వైపు నుంచి మొదలుపెట్టాం. సగం మడి అయ్యాక, తలెత్తకుండానే, "ఈ పనిని ఆయన ఏమనేవారు?" అని అడిగింది.

చెప్పాను. నా పలుకంతా గుంటూరే, దిద్దడానికి ఆయన లేరు. ఆమె పార నేలలోకి దించి, కన్నీళ్లు తుడుచుకోకుండా, వాళ్ల నాన్న మాటని అచ్చం నా యాసలో అంటూ మట్టి తిరగేసింది.