రాయప్ప గారి గుడి గుమ్మంలో రెండు జతల బూట్లు

వచ్చే ఏడు రోము యాత్రకు పోదామని మా రెంటచింతలలో నలుగురైదుగురు ఉబలాటపడుతున్నారు. "మీరు చూసొచ్చినోళ్ళు గదా మేష్టారూ, దారి చెప్పండి" అని రోజూ ఎవరో ఒకరు బడి దగ్గరకు వస్తున్నారు. చూసిన మాట నిజమే. కాని చూసింది ఒక్కరోజు, అందులోనూ సగం రోజు ఏం జరుగుతోందో బోధపడక నోరు తెరుచుకుని తిరిగాను. గుడ్డికన్నా మెల్ల మేలు కనుక తెలిసినంత రాస్తున్నాను.

యుద్ధం ఆఖరి ఏడు నేను ఇటలీలో పటాలం గుమాస్తాను. మా అమ్మ గుడి ఉపదేశి చేత రాయించే ప్రతి ఉత్తరంలోనూ "రోములో రాయప్ప గారి పాదం ముట్టుకుని రా నాయనా" అన్న మాట ఉండేది. క్రీస్తు శిష్యుడు పేతురునే మేం రాయప్ప గారంటాం. ఒక శుక్రవారం సెలవు దొరికింది. తోడుగా మస్తాన్ వచ్చాడు. వాడిది గురజాల, మా లారీలు బాగుచేసే మెకానిక్కు. బయల్దేరేటప్పుడు సుబేదారు మరీ మరీ చెప్పాడు: సాయంత్రం ఐదింటికల్లా లారీ దగ్గర ఉండాలి, ఒంటిమీది సర్కారు సామాను ఏది తగ్గినా ఖైదు తప్పదు. ముఖ్యంగా బూట్లు. ఆ ఊళ్ళో జనానికి తొడుక్కోను జోళ్ళు లేవు, కన్ను మూసి తెరిచేలోగా మాయమవుతాయని ఆయన భయం.

ఆరింటికి లారీ ఎక్కితే పదింటికి రోములో దిగాం. మీరైతే బొంబాయిలో ఓడెక్కి నేపుల్స్ రేవులో దిగాలి, అక్కడినుంచి రైలు. ముందుగా పాతకాలపు గుండ్రటి రంగస్థలం చూశాం. ఎన్ని వాకిళ్ళో! ఒక దాంట్లో దూరి ఇంకో దాంట్లో తేలి, లోపలున్నామో బయటున్నామో తెలియక రెండుసార్లు చుట్టొచ్చాం. "ఏందిరా ఇన్నయ్యా, పడిపోయిన గోడలు చూడను ఇంత దూరం రావాల్నా? మన నాగార్జునకొండ కాడ చానా ఉండయి గదా" అని మస్తాన్ విసుక్కున్నాడు. అక్కడినుంచి ట్రాము ఎక్కి, అక్కడి చిల్లర డబ్బు లీరాలతోనే, పన్నెండింటికి రాయప్ప గారి గుడి చేరాం.

గుమ్మంలో ఇద్దరం ఒకేసారి వంగి బూట్లు విప్పాం. ఇందులో ఆలోచించేదేముంది? నాకు గుడి, వాడికి మసీదు, ఎక్కడైనా చెప్పులు బయటే. అందరూ బూట్లతో టకటకా లోపలికి పోతున్నా మాకు తట్టలేదు. వాళ్ళకు భక్తి తక్కువనుకున్నాను. లోపల కంచు రాయప్ప గారి పాదం జనం ముట్టుకుని ముట్టుకుని వేళ్ళు అరిగిపోయి నున్నగా ఉంది. అమ్మను తలుచుకుని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఏడుపొచ్చింది.

బయటికొస్తే బూట్లు లేవు. వేరే గుమ్మంలోంచి వచ్చామేమోనని ఉన్న అయిదు గుమ్మాలూ వెతికాం. ముందున్న స్తంభాల వరసలు అటూ ఇటూ ఒకే తీరు, ఎటు నుంచి వచ్చామో కూడా మరిచిపోయాం. రెండయింది. "ఖైదేరా మనకు" అని మస్తాన్ మెట్లమీద కూలబడ్డాడు.

అంతలో నల్లబట్టల ముసలమ్మ ఒకావిడ మా కాళ్ళ వంక చూసి, గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. నాకొచ్చిన పది ఇటలీ మాటల్లో బూట్ల మాట ఒకటి. దాన్నే పదిసార్లు అన్నాను. ఆవిడ తలూపుతూనే ఎడమ పక్క సందులో తన ఇంటికి తీసుకుపోయి కూర్చోబెట్టి, రెండు పళ్ళేలు పెట్టింది. శనగలతో ఉడికించిన గోధుమపిండి ముక్కలు, పైన కాస్త ఒలీవ నూనె. మేం బూట్లంటే ఆవిడ "మాంజా" అంటుంది, తినమని.

"పంది గినా కలిసిందేమోరా?" అని మస్తాన్ గొణిగాడు.

"శుక్రవారంరా, మావోళ్ళు మాంసం ముట్టరు" అన్నాను. చప్పగా ఉంది. మస్తాన్ జేబులోంచి గుంటూరు కారం పొట్లం తీసి చల్లితే ప్రాణం లేచొచ్చింది. ఆవిడా రుచి చూసి, దగ్గి, కళ్ళు తుడుచుకుని నవ్వింది. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. ఇంక ఆగలేక లేచాను.

అప్పుడు ఆవిడ పిండి పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన మా బూట్లు తీసింది! పెట్టె అడుగునుంచి ఒక ఫోటో, ఒక ఉత్తరం కూడా తీసింది. ఫోటోలో సిపాయి బట్టల్లో ఆవిడ కొడుకు. ఉత్తరం మీద మన దేశపు ముద్ర. అతను మన సైన్యానికి పట్టుబడి యుద్ధఖైదీగా ఇండియాలో ఉన్నాడు. ఆవిడ ఉత్తరంలో ఒక వరస మీద వేలు పెట్టి, తన జోళ్ళు విప్పి గుమ్మం ముందు పెట్టి, లోపలికొచ్చి చేతులు జోడించి చూపింది. మన ఆచారం కొడుకు రాశాడన్నమాట. గుమ్మంలో విడిచిన బూట్లు చూడగానే ఆ దేశంవాళ్ళవని పోల్చుకుని, దొంగలు పడకముందే తెచ్చి దాచింది.

తర్వాత ఫోటో చూపించి, వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని నా మొహంలోకి చూసింది. నా కొడుక్కి అన్నం పెడుతున్నారా అని. నాకేం తెలుసు? తలూపాను, పెడుతున్నారని. ఆవిడ నా తల నిమిరింది. కారం పొట్లం అక్కడే వదిలి, పరుగున పోయి లారీ అందుకున్నాం.

ఇంటికొచ్చాక ఇదంతా చెబితే అమ్మ పాదం సంగతి అడగనేలేదు. "ఆ తల్లి కొడుకు ఇల్లు చేరాడంటరా?" అంది. నేను ఆవిడ పేరైనా అడగకుండా వచ్చాను. అమ్మ ఇప్పటికీ జపమాలలో పేరు తెలియని ఆ అబ్బాయికి ఒక పూస తిప్పుతుంది. అందుకే పోయేవాళ్ళకు చెబుతున్నాను: గుడికి ఎదురుగా నిలబడితే ఎడమ పక్క మొదటి సందు, నీలం తలుపు. కొడుకు వచ్చాడేమో కనుక్కుని రండి. బూట్లు మాత్రం గుడి దగ్గర కాదు, ఆవిడ గుమ్మం ముందు విప్పండి.