అబద్ధానికి కోచింగు

అమెరికాలో మా చెల్లెలి భర్త ఈమధ్యే కంపెనీ మారాడు. సెలవులకు వచ్చిన చెల్లెలు రేపు తిరిగి వెళ్ళాలి. దాని డిపెండెంటు వీసాకు ఇంకా గడువుంది గానీ, అది ఆయన పాత ఉద్యోగం మీద వచ్చింది. అక్కడ దిగగానే ఆపేస్తారేమోనని భయపడి, నన్ను మైత్రీవనంలో ఒక వీసా కన్సల్టెంటు దగ్గరకు లాక్కెళ్ళింది.

“ఆఫీసరడిగితే మీ సారు పాత కంపెనీలనే చేస్తుండని చెప్పుండ్రి మేడం. జర ప్రాక్టీసు చేపిస్త.”

“కొత్త కంపెనీలో చేయడానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం ఉందిగా. నిజం చెబితే ఏంటి?” అన్నాను.

“నిజం చెప్తే మస్తు లొల్లి అమ్మా!”

నిజానికి కోచింగు అక్కర్లేదు కదా, పాపం ఆయన వ్యాపారం ఏం కావాలి! ఆయన చేతిలోంచి చెల్లెలి పాస్‌పోర్టు లాక్కుని, దాన్ని తీసుకుని వచ్చేశాను. వీసా, అనుమతి పత్రం రెండూ చూపితే చాలని కొత్త కంపెనీ లాయరు ఫోనులో చెప్పారు. అయినా మా చెల్లెలు వంటింట్లో ఆ అబద్ధమే వల్లెవేస్తోంది. ఇలా ప్రయాణం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే దానికి కాస్త బుద్ధి చెప్పండి.