కాక చాయ్‌లూ, నేను చేసిన పైపు పరీక్షా

ఆ రోజుల్లో, అంటే చేతిలో డిప్లొమా ఉండి బుర్రలో ఖాళీ చోటు లేని రోజుల్లో, నాకు తెలియనిది ఒకటుందని ఎవరైనా అంటే వాళ్ళ మీద జాలిపడేవాణ్ణి. కోరుట్ల నుంచి వచ్చి సిరిసిల్లలో ఒక బట్టల అద్దకం మిల్లులో చేరాను. మూడు నెలలు పని చూసి పర్మినెంట్ చేస్తానన్నాడు సేటు. (మా అమ్మ అప్పటికే వాడకట్టంతా మిఠాయి పంచింది. ఇక వెనక్కి పోయే దారి లేదు.) అక్కడ బాయిలర్ చూసే పెద్దాయనను అందరూ కాక అనేవారు. వయసులో ఉన్నప్పుడు తాళ్ళెక్కి కల్లు గీసిన మనిషి, ఏ పనికీ తొందరపడడు. పొద్దున్నే ఆవిరి వాల్వును పావు చుట్టు తిప్పి చాయ్‌కి పోయేవాడు. వచ్చి ఇంకో పావు చుట్టు, ఇంకో చాయ్. మూడు చాయ్‌లయితే గానీ అద్దకం తొట్టికి ఆవిరి అందదు. దీన్ని నేను నోటుబుక్కులో ‘బద్ధకం’ అని రాసుకున్నాను.

“ఎందుకు కాకా గింత ఆలస్యం?” అని అడిగాను.

“సల్లవడ్డ పైపుల నీళ్ళు నిల్సుంటయి కొడుకా. ఆవిరిని ఒక్కసారే ఇడిస్తే గా నీళ్ళు ఉరికిపోయి వంపుకు గుద్దుతయి.”

దీన్ని వాటర్ హ్యామర్ అంటారని నాకు తెలుసు, పరీక్షలో ఐదు మార్కులకు రాశాను కూడా. అయినా అంత మందం ఇనుప పైపును గుక్కెడు నీళ్ళేం చేస్తాయి? సేటు ముందే పరీక్షించి చూపిద్దామనుకున్నాను. ఆయన ఆ రోజు జగిత్యాలలో పెళ్ళికి పోతూ, తెల్లబట్టల్లో తయారై మిల్లుకు వచ్చాడు. “ఒక్క నిమిషం సేటూ, రోజుకు గంట ఎట్ల మిగులుతదో సూపిస్త,” అని, కాక చాయ్‌కి పోగానే వాల్వు మొత్తం తిప్పేశాను.

ముందు ఏమీ కాలేదు. తర్వాత పైపు లోపల ఎవరో సమ్మెటతో కొట్టుకుంటూ మా వైపే వస్తున్నట్టు ధన్, ధన్, ధన్. పైపును పట్టుకున్న కొక్కెం ఊడింది, వంపు దగ్గర జాయింటు పగిలింది, ఆవిరి పోయి తొట్టిని తన్నింది. ఎగిరి మీద పడ్డ రంగునీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. సేటు మాత్రం మెడ నుంచి మోకాళ్ళ దాకా గులాబీ రంగుకు మారాడు. పరీక్ష పూర్తయింది.

“రేపటి సంది రాకు,” అన్నాడు సేటు, గొంతు పెంచకుండా. మిఠాయి తిన్న వాడకట్టంతా కళ్ళ ముందు వరసగా నిలబడింది.

అప్పుడే కాక గ్లాసుతో వచ్చాడు. పైపును చూశాడు, నన్ను చూశాడు, ఒక గుక్క తాగాడు.

“తీసెయ్యకు సేటూ. గీ పిలగాడు జన్మల మల్ల గట్ల తిప్పడు. కొత్తోన్ని తెస్తే, వాడు నేర్సుకునెతందుకు ఇంకో పైపు గావాలె.”

సేటు తలూపి, బట్టలు మార్చుకోవడానికి వెళ్ళిపోయాడు. నేను ఉండిపోయాను.

ఇప్పుడు ఆ మిల్లులో పైపులన్నీ నా చేతికిందే ఉన్నాయి. ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాకను తలుచుకుంటే ఇంకో చాయ్ తాగాలనిపిస్తుంది. కొత్తగా చేరిన ఇంజనీర్లు “మీ అనుభవం ఎంత సార్?” అని అడుగుతారు. “ఒక పైపు,” అంటాను. వాళ్ళు నవ్వుతారు. పాపం, వాళ్ళది ఇంకా పగలలేదు.