నాలుగు, ఐదు, ఆరో కిటికీలు

ఈ రోజు ఒక మేస్త్రి మూడు మంచి కిటికీలను ఇటుకలతో మూసేశాడు. మూయించింది నేను. అల్వాల్‌లో ఒక డాబా మీద కొత్తగా లేస్తున్న గది అది.

కట్టబోయే ఇంట్లో ఎంత వేడి చేరుతుందో ముందే కంప్యూటర్‌లో లెక్క కట్టి చెప్పడం నా పని. గోడలు గీస్తాను, కప్పు వేస్తాను, తర్వాత ఒక్కో గోడకీ కిటికీలు ఎక్కిస్తాను. వెడల్పు, ఎత్తు, నేల నుంచి ఎంత పైన, పక్క కిటికీకి ఎంత దూరం. అంకెలు వేసి నొక్కగానే గోడలో నీలిరంగు పలక ఒకటి చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. ఆ తర్వాత సూర్యుణ్ని వదులుతాను. తెర మీద ఏడాదంతా ఒక్క నిమిషంలో గడిచిపోతుంది. ఎండ గదిలోకి వచ్చి, నేల మీద పాకి, గోడెక్కి వెళ్లిపోతుంది. ఆ గదుల్లో మనుషులుండరు. ఎవరూ తలుపు వేయరు, ఎవరికీ దగ్గు రాదు. సైనిక్‌పురిలో మా ఆఫీసు మేడ మీద కూర్చుని, మధ్యాహ్నాలు ఆ ఖాళీ గదుల్లో తిరుగుతూ ఎంతసేపైనా ఉండిపోగలను. అలా ఉండిపోవడమే పనితనం అనుకున్నాను, చాలా ఏళ్లు.

అల్వాల్ గది మగ్గం వర్క్ చేసే ఒకావిడది. పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టే పని. ఆవిడా, మరో నలుగురు ఆడవాళ్లూ బట్ట బిగించిన చట్రం చుట్టూ నేల మీద కూర్చుని కుడతారు. ఫ్యాను వేస్తే చమ్కీలు ఎగిరిపోతాయి, వేయకపోతే చెమటకు జరీ నల్లబడుతుంది. అందుకని పైన కట్టే గదికి ఏ కిటికీలు ఉంచాలో, ఏవి వద్దో చెప్పమని తెలిసినవాళ్ల ద్వారా నన్ను అడిగారు. అప్పటికే కిటికీలకు ఖాళీలు వదిలి గోడలు లేపి, పైన స్లాబు కూడా వేసేశారు. ప్లాన్ కాగితాన్ని ఫోటో తీసి పంపారు. నేను వెళ్లి చూడలేదు. పట్టుమని అరగంట దూరం లేదు, అయినా వెళ్లలేదు.

సాఫ్ట్‌వేర్ అన్నిటికన్నా ముందు ఉత్తరం ఎటు అని అడుగుతుంది. ఆ గడిలో సున్నా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే కాగితం పైవైపే ఉత్తరం. నాకు వచ్చే పెద్ద ఆఫీసుల డ్రాయింగులన్నీ అలాగే ఉంటాయి కాబట్టి వదిలేశాను. కానీ ఈ కాగితం గీసింది వాస్తు చూసి ప్లాన్లు వేసే ఒక పెద్దాయన. అలాంటివాళ్లలో కొందరికి తూర్పే మొదటి దిక్కు. కాగితం నెత్తిన తూర్పును పెడతారు. తెలియనివాళ్ల కోసం ఆయన మూలన చిన్న బాణం కూడా వేశారు. నేను చూడలేదు.

దాంతో నా లెక్కలో గది మొత్తం పావు చుట్టు తిరిగిపోయింది. ఎడమ గోడ నాకు పడమర అయింది. నిజానికి అది ఉత్తరం. ఆ గోడకున్న మూడు కిటికీలు సాయంత్రాలు గదిని కాల్చేస్తాయని తేలింది. నాలుగు, ఐదు, ఆరు మూసేయండి అని ప్లాన్‌లోని నంబర్లు మాత్రం రాసి పంపాను.

ఆవిడ ఫోన్ చేశారు. తామంతా అటువైపే కూర్చోవాలనుకున్నామని, కింది గదిలో కూడా పదేళ్లుగా అటే కూర్చుంటున్నామని చెప్పారు. "ఆ దిక్కు వెలుగు చల్లగుంటది సార్," అన్నారు. పడమటి వెలుగు చల్లగా ఎలా ఉంటుందని ఒక్క క్షణం ఆగినా సరిపోయేది. నేను నవ్వాను. "అది మీకు అనిపించడమేనమ్మా. కంప్యూటర్ ఏడాది పొడుగునా లెక్క వేసింది," అన్నాను.

"సరే సార్, మీరు చదువుకున్నోళ్లు," అని పెట్టేశారు.

ఈ ఉదయం పని ఎంతవరకు వచ్చిందో ఫోటో పంపారు. ఒక పక్క మూసేసిన గోడ. ఇంకో పక్క, ఉత్తరం అనుకుని నేను అలాగే ఉంచమన్న కిటికీ. అందులోంచి ఎండ ధారాళంగా దిగి, నేల మీది ఇసుక కుప్ప బంగారంలా వెలుగుతోంది. చాలా అందంగా ఉంది. ఊరికే చూస్తూ ఉండిపోయాను. తర్వాత తట్టింది. డిసెంబరు నెలలో ఉత్తరపు కిటికీలోంచి ఎండ రాదు.

అప్పుడు కూడా నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఆడవాళ్ల కళ్లు కాదు, నా పరువు. ప్లాన్ గీసిన పెద్దాయన్ని మనసులో తిట్టుకున్నాను. 'కొత్త లెక్కలో చిన్న మార్పు వచ్చిందమ్మా' అని టైప్ చేశాను. అది ఎంత సాఫీగా వచ్చిందో చూసి సిగ్గేసింది. ఇలాంటివి ఇంతకుముందు వేరేవాళ్లకు పంపి ఉన్నాను. చెరిపేసి, పని ఆపమని మాత్రం రాసి, బండి తీశాను.

నేను మెట్లెక్కేసరికి ఆవిడా, మేస్త్రీ, కింద పని ఆపి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లూ ఉన్నారు.

"తప్పు నాదమ్మా," అన్నాను. "ప్లాన్ గీసినాయనది కాదు. దిక్కు చూసుకోకుండా లెక్క కట్టాను. ఇవి ఉంచాల్సిన కిటికీలు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "నేను ఫోన్ల చెప్పిన గద సార్."

"చెప్పారు. నేను వినలేదు."

"నా కండ్లను నేనే నమ్మకుండ చేసిన్రు."

 వచ్చినవాళ్లలో ఒకామె, "కంప్యూటర్‌కు సుత అద్దాలు పెట్టియ్యాలె అక్కా," అంది. ఎవరూ నవ్వలేదు. మేస్త్రి తాపీ అందుకుంటూ, "పొద్దుగాల కట్టుడు, పగటీలి తీసుడు. ఇట్లయితే ఈ గదికి సున్నం నా మనవడేస్తడు," అన్నాడు.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. చెప్పులు విప్పి, చేతులు మడిచి, మేస్త్రి ఊడదీసిన ఇటుకలను ఒక్కొక్కటే అందుకుని కిందికి దించాను. పై వరసలు పోగానే వెలుగు లోపలికి వచ్చింది. అది ఎండ కాదు. ఎటునుంచి వస్తోందో తెలియని తెల్లటి వెలుగు, నీడ పడనివ్వదు. అందులో గది కొంచెంసేపు నీళ్ల అడుగున ఉన్నట్టుంది. ఆవిడ అరచేతిని అందులో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తెర మీద ఇన్నేళ్లు ఎండనే వెంబడించాను. ఈ వెలుగు ఉందని తెలిసీ, ఒక్కసారీ ఆగి చూడలేదు.

సిమెంటు బస్తా మీద లాప్‌టాప్ పెట్టుకుని, బాణం చూసుకుని, కిటికీలన్నీ మళ్లీ మొదటినుంచి ఎక్కించాను. టేపు ఒక కొస ఆవిడ పట్టుకున్నారు. కిటికీ కింది అంచు నేల నుంచి మూడడుగులని అలవాటుగా వేసి ఉన్నాను. కొలిస్తే అడుగున్నరే. నేల మీద కూర్చునేవాళ్ల కోసం ఆవిడే అలా పెట్టించారట. ఈసారి మూయాల్సినవి పడమటి గోడ కిటికీలని తేలింది. దిక్కులతో సహా రాసి చదివి వినిపించాను.

"సాయంత్రం దాంక చూసినంకనే మూయిస్త," అన్నారు ఆవిడ. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. ఉన్నాను. నాలుగున్నరకు పడమటి ఎండ గది మధ్యదాకా వచ్చింది. ఆవిడ చట్రం పెట్టబోయే చోట కూర్చుని, కళ్లు చికిలించి, లేచి, పడమటి గోడకున్న రెండు కిటికీల అంచుల మీద సుద్దతో అడ్డగీతలు గీశారు. మేస్త్రి వెళ్లిపోయాడు. దించిన ఇటుకలకు అంటిన సిమెంటు గట్టిపడకముందే తొట్లో కడిగి, గోడవారన పేర్చి, ఇంటికి వచ్చాను.