పొయ్యిలో పెట్టిన సముద్రం

నలభై ఏళ్ళకు పైగా నన్ను తలచుకోని మన తెలుగు సంఘం వారికి మొన్న హఠాత్తుగా నేను జ్ఞాపకం వచ్చాను. నోయిడాలో మా అబ్బాయి ఫ్లాటుకు ఫోన్ చేసి, మన పిల్లలందరూ కంప్యూటర్ల వెంటే పడుతున్నారు, భూవిజ్ఞానం కూడా చదవమని నాలుగు మాటలు రాసివ్వండి అని అడిగి, నమూనాకు ఒక పాత ప్రత్యేక సంచిక పంపారు. రాయడానికి నాకేం అభ్యంతరం లేదు. కాని అందులో 'మన తొలి ఉగాది విందు' అని ఒక ఫోటో ఉంది. గుండిగ కింద ఎడమవైపు పొయ్యిరాయి చూడండి. అది నాది. ఫోటో తీసేటప్పటికి ఇంకా పగల్లేదు.

డెబ్బైల చివర్లో నేను కేంద్ర ప్రభుత్వంలో భూగర్భ శాస్త్రజ్ఞుణ్ణి, ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్‌లో కాపురం. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చలికాలపు ఆదివారమంటే మంచాలు ఎండలోకి లాక్కుని వేరుశనక్కాయలు ఒలుచుకోవడమే కదా; నేను మాత్రం సంఘం వాళ్ళ పిల్లల్ని వెంటబెట్టుకుని కటవారియా సరాయ్ వెనక గుట్టలెక్కేవాణ్ణి. రాయిలో రేణువు సన్నమో ముతకో తెలుసుకోవడానికి నాలుకతో తడిచేసి చూడడం మా వృత్తిలో మామూలే. అది చూసి తల్లులు తమ పిల్లల్ని ఒక్కొక్కరినే మాన్పించారు. నాకు 'రాళ్ళు నాకే అంకుల్' అని పేరు పెట్టిందెవరో కూడా తెలుసు, ఇప్పుడు చెప్పను.

చివరికి మిగిలింది కంటోన్మెంట్‌లో ఉండే ఒక సుబేదారుగారి అమ్మాయి, పన్నెండో తరగతి. ఒక ఆదివారం మాకు చేటంత పలకరాయి దొరికింది. దాని మీద ఏటి ఒడ్డు ఇసుకలో ఉన్నట్టు అలల గీతలు.

"అంకుల్, యే తో లహర్ హై నా, అలే కదా? ఢిల్లీలో నీళ్ళెక్కడివి?" అంది.

వందకోట్ల ఏళ్ళకు ముందు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేదనీ, అది ఇసుకలో వదిలిన గుర్తే గట్టిపడి రాయైందనీ చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు దానిమీంచి చెయ్యి తియ్యలేదు. కాలేజీలో ఇదే చదువుతానంది. తండ్రి కామర్స్ అంటున్నారట. ఉగాది సభకు ఎలాగూ వస్తారు, ముందు ఈ రాయి చూపించి తరవాత మాట్లాడదామని ఇద్దరం అనుకున్నాం.

హాల్లో ఒక బల్ల కావాలని కార్యదర్శిగారిని మూడుసార్లు అడిగాను. బల్ల హార్మోనియంకు పోయింది. నాకు వంటల షామియానా పక్కన నేలమీద చోటిచ్చారు. సుబేదారుగారిని పిలుచుకు రావడానికి నేను గేటు దాకా వెళ్ళినప్పుడు, వంటవాళ్ళకు పొయ్యిరాయి ఒకటి తక్కువైంది. మేం వచ్చేసరికి దానికి బదులు పెట్టిన మా రాయి నిప్పుల సెగకు ఫెళ్ళున పగిలి, గుండిగ ఒరిగి, పులిహోరకు వండిన అన్నం సగం నేలపాలైంది. అందరూ అన్నానికే బాధపడ్డారు.

"రాయే కదండీ. రాయికి రాయి తెప్పిస్తాం లెండి, ముందు మిగిలిన పులిహోరైనా తిందురుగాని రండి," అన్నారు కార్యదర్శిగారు. తరవాత వేదికెక్కి, భోజనాల ఆలస్యానికి కారణం ఫలానావారి రాయి అని నా పేరు చెప్పి ప్రకటించారు. జనం నవ్వారు.

సుబేదారుగారు మసిబారిన ముక్కను బూటుతో తిప్పి చూశారు.

"ఏం సార్, మూడేండ్లు సదివేది దీన్నేనా?"

చూపించడానికి అలలు లేవు. ఆ అమ్మాయి నావైపు చూడలేదు. జూలైలో కామర్స్‌లో చేర్చారు, మరుసటి ఏడు తండ్రికి బదిలీ అయి వెళ్ళిపోయారు. ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు.

ఆ గుట్టల కింద అద్దెగదుల్లో ఇప్పుడు మన పిల్లలు పోటీ పరీక్షలకు చదువుతున్నారు. ఢిల్లీ శిలల పేర్లు కంఠస్థం చేస్తారట. వీధి చివర కనిపించేవి ఆ శిలలేనని చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళకు నా మాట ఇంతే: ఒక పొద్దున ఎక్కి చూడండి, రాయిని నాలుకతో తడిచేయడానికి సిగ్గుపడకండి.

ఇక సంఘానికి. రాయికి రాయి అని మాట ఇచ్చినాయన లేరు, కాని మాట ఇచ్చింది కార్యదర్శి కుర్చీ. ఇప్పుడు అందులో ఎవరు కూర్చుంటే వారే చెప్పాలి. అలలున్న రాయి ఎప్పుడు తెప్పిస్తున్నారు? ఈసారైనా హాలు మధ్యలో బల్ల వేయిస్తారా, వేయించరా?