లస్సాద్ తల, లెల్లా దలెండా డాబా

శనివారం పొద్దున బాబ్ సాదూన్ స్టేషన్లో లస్సాద్ తల మెట్రో ఎక్కి వెళ్ళిపోయింది. లస్సాద్ ప్లాట్‌ఫారం మీద ఉండిపోయాడు.

తల కాస్త పెద్దది. పిల్లలు ఆడుకునే నురుగు చాపలు కోసి, పాత గీజరు రేకు అంటించి, చెవులున్నచోట నీటి మీటర్ల మూతలు బిగించిన తల. రెండు చేతులా ఎత్తి ముందు దాన్ని రైలు పెట్టెలో పెట్టాడు. తను ఎక్కబోతుంటే వెనకాల పాతూరి పెద్దావిడ లెల్లా దలెండా రెండు సంచులతో కనిపించింది. "మీరెక్కండమ్మా" అని పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ వెనక ఒక గర్భిణి. ఆమె వెనక నిచ్చెన మోస్తున్న మనిషి. అందరికీ "మీరెక్కండి" అన్నాడు. నిచ్చెన చివర లోపలికి వెళ్ళాక తలుపులు మూసుకున్నాయి. మెడ దాకా ఇనుప మరమనిషి, మెడ పైన మామూలు బట్టతల. ఆ అవతారంలో నిలబడి, వెళ్ళిపోతున్న తలకి చెయ్యి ఊపాడు.

"ఎందుకు ఊపావయ్యా?" అని తర్వాత అడిగాను.

"లెల్లా దలెండా ఊపింది కదక్కా. ఊపకపోతే బాగుండదు."

ఇదీ మా లస్సాద్.

నాది బాబ్ సూయికాలో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే కొట్టు. ఏడాదికోసారి కార్టూన్ అభిమానుల మేళాలో బల్ల అద్దెకు తీసుకుని వేషాలు కట్టే పిల్లలకి విగ్గులు దువ్విపెడతాను, అమ్ముతాను. నీలం జడలు, ఆకుపచ్చ జడలు, గాలి లేకుండానే ఎగురుతున్నట్టు నిలబడే వెంట్రుకలు. "యాభై దాటాక ఆ వేషగాళ్ళ మధ్య నీకేం పని వసీలా?" అంటాడు మా ఆయన. ఆయన ఫుట్‌బాల్ మ్యాచికి మొహమంతా ఎరుపూ పసుపూ పూసుకుని వెళతాడు. అది వేషం కాదట.

లస్సాద్ బల్ల నా బల్ల పక్కన. వయసు నలభై మూడు. ఉద్యోగం ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లలో అంకె చూసి రాసుకోవడం. మొహమాటస్థుడికి అంతకంటే శిక్ష లేదు. కాఫీ తాగమంటారు, వద్దనలేడు. బిల్లు ఎక్కువొచ్చిందని తిడతారు, నాకేం సంబంధం అనలేడు. "ట్యాంకు కారుతోంది, ఒకసారి చూడు నాయనా" అంటే, అది తన పని కాకపోయినా డాబా ఎక్కుతాడు. అలా పాతూళ్ళో అతను ఎక్కని డాబా లేదు.

ఇంటికొచ్చి, కాఫీల వణుకు తగ్గాక, ఆ డాబాల బొమ్మలే వేస్తాడు. వాటి మధ్య ఒక పెద్ద ఇనుప మరమనిషిని నిలబెడతాడు. చిన్నప్పుడు మేమంతా టీవీ ముందు నోరు తెరుచుకుని చూసిన మరమనుషులు లోకాలను కూల్చేవి. లస్సాద్ మరమనిషి మాత్రం ఇంటిపనులు చేసిపెడతాడు. చిక్కుకున్న గాలిపటం తీసిస్తాడు. నిద్రపోతున్న ముసలాయనకి అరచేయి అడ్డంపెట్టి నీడనిస్తాడు. మాట్లాడడు. మేళాలో లస్సాద్ కట్టేది ఆ వేషమే.

పోయినేడు అతను మొదటిసారి ఒక పొడుగాటి కాగితం చుట్ట తెచ్చాడు. పాతూరు డాబాలన్నీ ఒకే కాగితం మీద, ఈ చివర నుంచి ఆ చివర సముద్రం దాకా. వేషం అప్పుడూ ఉంది కానీ తల లేదు. పాతూరువాళ్ళు బొమ్మ చూడరు, అందులో తమ ఇల్లు వెతుక్కుంటారు. "ఇదిగో మా వీధి! ఈ ముక్క ఇస్తావా తమ్ముడూ?" అన్నాడొకడు. లస్సాద్ కత్తెర తీశాడు. ఇంకొకడు అడిగాడు. ఇంకొకామె అడిగింది. సాయంత్రానికి అతని చేతిలో మూరెడు సముద్రం, దాని మీద ఒక కొంగ మిగిలాయి. బల్లలు సర్దుతుంటే ఎవరో వచ్చి ఆ కొంగనీ అడిగారు.

"తమ్ముడూ, నీ మొహం చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. ముందు దాన్ని కప్పెయ్" అన్నాను.

అలా పుట్టింది ఆ తల. కళ్ళ స్థానంలో రెండు జతల దీపాలు, అరచేతిలో రెండు మీటలు. ఒకటి నొక్కితే కళ్ళు పచ్చగా వెలుగుతాయి, సరే అని. రెండోది నొక్కితే ఎర్రగా, కుదరదని. తల పెట్టుకున్న లస్సాద్ వేరే మనిషి. ఏడాది పొడుగునా ఆదివారం సంతల్లో చిన్న బొమ్మలు అమ్ముతుంటే జనం వచ్చి బేరమాడేవాళ్ళు, మరమనిషి ఉలకడు. వాళ్ళే ఇంకో రెండు దీనార్లు పెంచేవాళ్ళు. ఎర్రగా చూసేవాడు. నవ్వి అడిగినంతా ఇచ్చి వెళ్ళేవాళ్ళు.

ఆ ధైర్యంతోనే ఏడాదంతా కూర్చుని మళ్ళీ కొత్త చుట్ట గీశాడు. మేళా ముందురోజు దాన్ని మా రెండు బల్లల వెనక గోడ పొడవునా తగిలిస్తుంటే నిర్వాహకుల్లో ఒకమ్మాయి, ఇబ్తిహెల్, చూసి ఆగిపోయింది. "రేపు శనివారం మధ్యాహ్నం దాటాక వచ్చి కొలత తీసుకుంటాను. మొత్తంగా ఉంటే వచ్చే ఏడాది మన గుమ్మం ఎదురుగోడ మొత్తం ఇదే. కానీ ఒక్క ముక్క పోయినా కుదరదండీ, సగం ఊరు తగిలిస్తే ఏం బాగుంటుంది?" అంది. లస్సాద్ తలూపాడు. నలభై మూడేళ్ళలో అతను గీసినది ఒక్కటీ ఎవరూ గోడకి తగిలించలేదు, వాళ్ళమ్మతో సహా.

అలాంటి శనివారం అన్నమాట, తల మెట్రో ఎక్కింది.

"బొమ్మ చుట్టేసి బల్ల కింద దాచు" అన్నాను.

"చూద్దామని వచ్చినవాళ్ళు ఏమనుకుంటారక్కా?"

నేను అతని కత్తెర లాక్కుని నా సంచిలో వేసుకున్నాను.

పొద్దుటి బేరాలు ఎలా సాగాయో ఒక్కటి చెబుతాను. నడుముకి అట్టకత్తి కట్టుకున్న కుర్రాడొకడు చిన్న బొమ్మ పట్టుకుని అడిగాడు.

"ఎంతండీ?"

"పదిహేను."

"ఎక్కువ కదా?"

"ఎక్కువే."

"పదికిస్తారా?"

"ఎనిమిదికి తీసుకో నాయనా. పాపం, ఆ కత్తి కూడా మోసుకుని తిరగాలి."

ఇక లాభం లేదని, ముందు వెంట్రుకలు గడ్డం దాకా వేలాడే వెండిరంగు విగ్గు తీసి అతని నెత్తిన పెట్టాను. మొహం కనిపించలేదు. పిల్లి చెవులు పెట్టుకున్న అమ్మాయి వచ్చి, "అన్నా, ఇది ఊరికే ఇచ్చేస్తారా?" అంది. విగ్గు పైకీ కిందకీ ఊగింది.

తర్వాత ఒకాయన గోడమీది చుట్ట దగ్గర నిలబడి, మా వీధి, మా వీధి అని మొదలుపెట్టాడు. "అది అమ్మకానికి లేదు!" అని నేను కూర్చున్నచోటి నుంచే అరిచాను.

"మీరెవరండీ మధ్యలో?"

"నేను ఆయన ఎర్రకళ్ళని."

ఆయన వెళ్ళిపోయాడు. కానీ నాకూ నా విగ్గులున్నాయి, ఎంతసేపని కాపలా కాస్తాను?

మధ్యాహ్నం మేము ఫ్రికాసేలు తింటున్నాం. నూనె కారే ఆ రొట్టె కొరికితే లోపలి హరీసా కారానికి ఎవరికైనా కళ్ళు ఎర్రబడతాయి, లస్సాద్‌కి తప్ప. అప్పుడు హాలు ఆ చివర నుంచి ఒక కేక వినిపించింది.

"ఒరేయ్ లస్సాదూ! నీ తల తెచ్చానురా!"

తెల్లటి సఫ్సారీ ఒంటినిండా చుట్టుకుని, చంకలో మరమనిషి తలతో లెల్లా దలెండా వస్తోంది. తల బుగ్గ మీద కొత్తిమీర అంటుకుని ఉంది. దారిలో ఇద్దరు పిల్లలు ఆపి ఫొటో తీసుకున్నారు. "మీరు ఏ కథలో మనిషండీ?" అని అడిగారట. "దలెండాని" అందట. ఓహో అని పేరు రాసుకున్నారట, తర్వాత వెతుక్కోవడానికి.

"చివరి స్టేషన్ దాకా ఒళ్ళో పెట్టుకున్నాను" అంది కుర్చీలో కూలబడుతూ. "ఒకడొచ్చి ఈ తలకి టికెట్టుందా అన్నాడు. నీ తలకి విడిగా కొన్నావా అన్నాను. మేళా ఎక్కడో తెలియక ఆ నీలం జుట్టు పిల్ల వెనకే నడిచి వచ్చా. ఊరు ఏమైపోయిందే వసీలా?"

లస్సాద్ ఆవిడ చేతులు కళ్ళకద్దుకున్నంత పనిచేసి, తల తగిలించుకున్నాడు. నేను హమ్మయ్య అనుకుని నా ఫ్రికాసే వైపు తిరిగాను. అంతలో ఒక కుర్రాడు వచ్చి, "ఒకటి కొంటే మూడు ఊరికే ఇస్తారా?" అన్నాడు. లస్సాద్ ఎర్రమీట నొక్కాడు. కళ్ళు పచ్చగా వెలిగాయి. మళ్ళీ నొక్కాడు, గట్టిగా. ఇంకా పచ్చగా వెలిగాయి. ప్రయాణంలో ఏ తీగ ఎక్కడ అతుక్కుందో మరి. కుర్రాడు నాలుగు బొమ్మలు తీసుకుని, మరమనిషికి చెయ్యి కలిపి వెళ్ళాడు.

లస్సాద్ తల ఊడదీసి బల్ల కింద పెట్టేశాడు. "ఇది నాకంటే మెతకదక్కా" అన్నాడు.

ఈలోగా లెల్లా దలెండా లేచి గోడ వెంబడి నడుస్తోంది. ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా పెట్టి, ఒక్కొక్క డాబా దాటుతూ. ఒకచోట ఆగింది. అక్కడ బట్టలు ఆరేసిన తాడు ఉంది. తాడు ఒక కొసకి కొక్కెం లేదు. మరమనిషి పక్క సందులో నిలబడి, తన వేలికి తాడు చుట్టుకుని పట్టుకున్నాడు.

"ఇది నా డాబా" అంది. తాడు కొస మీద వేలు పెట్టింది. "కొక్కెం ఊడిపోయిందని నీకెలా తెలుసురా?"

"ట్యాంకు చూడమని పిలిచారు కదమ్మా."

"ఆయన పోయాక దాన్ని బిగించేవాళ్ళు లేరు" అంది. సఫ్సారీ కొసతో ముక్కు తుడుచుకుని, వెంటనే మామూలు గొంతులో, "ఇది కోసి నాకివ్వు. పడగ్గదిలో పెట్టుకుంటాను" అంది.

నేను లేచాను. నోరు తెరిచాను. ఆవిడ మా అమ్మకి స్నేహితురాలు, నా పెళ్ళికి గోరింటాకు పెట్టిన చెయ్యి. మొహమాటం అంటువ్యాధి కాబోలు, తెరిచిన నోరు మూసేసుకుని కూర్చున్నాను.

"అమ్మా, ఇది మొత్తంగా ఉంటే వచ్చే ఏడాది..." అని లస్సాద్ మొదలుపెట్టాడు.

"నీ తలని కన్నబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఒక మూర కాగితం అడిగానా, నీ ఉద్యోగం అడిగానా?"

జుట్టు పనిచేసేవాళ్ళ బల్ల మీద కత్తెరలకి కరువేముంది? ఆవిడే ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. హాలు చివర వరసలో ఇబ్తిహెల్ కొలత టేపు మెడలో వేసుకుని ఒక్కొక్క బల్ల దాటుకుంటూ వస్తోంది. లస్సాద్ చెమటలు కక్కుతూ కత్తెర తెరిచాడు.

"ఎక్కడిదాకా అమ్మా?"

"ఇదిగో, ఈ గోడ దాకా."

కత్తెర మొన గోడ దగ్గర ఆగింది. "ఈ గోడ మీదేనా అమ్మా?"

"నాదీ, ఆ మనూబియాదీ. ఉమ్మడి గోడ." పక్కింటి మనూబియాకీ ఈవిడకీ ఆ గోడకి సున్నం ఎవరు వేయించాలన్న దాని మీద మాటల్లేక ఏళ్ళయింది. ఊరందరికీ తెలుసు.

"గోడకి ఇవతల కోస్తే మీ డాబాకి గోడ లేకుండా పోతుంది. మీ మల్లెతీగ దానిమీదే ఉంది" అన్నాడు లస్సాద్ మెల్లిగా.

"అయితే అవతల కొయ్యి."

కత్తెర కొంచెం జరిగింది. ఆగింది. "అప్పుడు మనూబియమ్మ గోడ పోతుంది. ఆవిడ మిరపకాయల దండలు దీనికే వేలాడుతున్నాయి. ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది?"

"అదేమనుకుంటే నాకేంటి! అయితే దాని డాబా కూడా కలిపి కొయ్యి."

"ఆవిడకి అటువైపు గోడ తిజానీగారితో ఉమ్మడి. ఆయన పావురాల గూడు ఆ గోడమీదే." కత్తెర కాగితం మీద గాల్లో అలా జరుగుతూ పోయింది, లస్సాద్ దాని వెనకే అడుగులో అడుగు వేస్తూ పోయాడు. ఒక్కొక్క గోడ దగ్గరా ఆగుతాడు, ఇటొకరి పేరు, అటొకరి పేరు చెబుతాడు, తల అడ్డంగా ఊపి ముందుకు జరుగుతాడు. నేనూ లెల్లా దలెండా వెనకాల. చివరికి కత్తెర సముద్రం దగ్గర ఆగింది. అక్కడ కొయ్యడానికి ఎవరి అభ్యంతరమూ లేదు, కానీ అప్పటికి ఊరంతా దాటిపోయింది.

లస్సాద్ కత్తెర మూసి నా చేతికిచ్చాడు.

"కుదరదమ్మా. ఎక్కడ కోసినా ఎవరో ఒకరి గోడ కూలుతుంది."

అతని నోటివెంట కుదరదు అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. అతనూ మొదటిసారే విన్నట్టున్నాడు, ఎవరన్నారా అని పక్కకి చూశాడు.

ఇబ్తిహెల్ వచ్చింది. టేపు ఒక కొస నాకిచ్చి, రెండో కొస పట్టుకుని సముద్రం దాకా నడిచింది. తిరిగొచ్చి, "మొత్తం ఉంది" అని లస్సాద్ భుజం మీది రేకు తట్టింది. అది డబ్బాలా మోగింది.

లెల్లా దలెండా సంచులు ఎత్తుకుంది. మూతి ముడుచుకుంది.

"బాగుందిరా నీ న్యాయం! నా డాబాని నేను చూసుకోవాలంటే ఏడాది ఆగి, ఇంత దూరం పడి రావాలన్నమాట!"

"వచ్చేటప్పుడు మనూబియమ్మని కూడా వెంటబెట్టుకు రండమ్మా" అన్నాడు లస్సాద్.