శోకంలో అన్న మాట

ఆ ఊళ్ళో ఎవరైనా కన్నుమూస్తే, చుట్టాలకంటే ముందు సుబ్బరత్నమ్మకు కబురు పోయేది. మైదుకూరుకు దగ్గరి ఊరది. కేసీ కాలువ నీళ్ళు అక్కడికి చేరేసరికి సగం ఇంకిపోయి, అలిసిపోయి వస్తాయి. పసుపు చేలో కలుపు తీస్తున్నా, కోతకు పోయినా, కబురు అందగానే ఆమె కొడవలిని గట్టున పెట్టి, కాలువలో చేతులు కడుక్కుని, కొంగు నడుముకు చుట్టి నడిచి వచ్చేది. ఆమె వచ్చేదాకా ఆ ఇంట్లో ఏడుపు ఉండేది గాని, శోకం ఉండేది కాదు.

ఏడుపు అందరికీ వచ్చేదే. శోకం పెట్టడం వేరు. సుబ్బరత్నమ్మ శవం పక్కన కూర్చుని, చల్లబడిన పాదాల మీద చెయ్యి వేసి, పోయిన మనిషి బతుకంతా ఆ మనిషికే చెప్పేది. గొంతు ఒక్కో మెట్టే ఎక్కి, పైన కాసేపు నిలబడి, మళ్ళీ నేల మీదికి దిగేది. మంచి ఒక్కటే చెప్పేది కాదు. తన అత్త పోయిన రోజు ఆమె కుడి చేతిని ఒళ్ళోకి తీసుకుని, "నన్ను కొట్టిన చెయ్యి ఇదే గదత్తా, ఇంత సల్లగా ఎట్లయిపాయనత్తా" అని ఏడ్చింది. ఊరంతా విన్నది.

విన్నదంతే. ఎవరూ పెట్టని కట్టడి ఒకటి ఆ ఊళ్ళో ఉండేది. శోకంలో విన్న మాటను షామియానా దాటనివ్వరు. మూడో దినం పాలు పోసేటప్పుడు గాని, ఏళ్ళ తర్వాత గట్టు తగాదాల్లో ఒకరి పుట్టుక ఒకరు తిట్టుకునేటప్పుడు గాని, ఆ రోజు నువ్వు ఇట్లా అన్నావే అని ఎవరూ ఎత్తరు. తొలకరి చినుకును ఎర్రనేల తాగినట్టు, ఆ మాటల్ని అక్కడి నేలే తాగేసేది. తాగేస్తుందని నమ్మకం కాబట్టే సుబ్బరత్నమ్మ అంత మాట అనగలిగేది.

ఆమెకు ఇద్దరు కూతుళ్ళు. భర్త నారాయణ వాళ్ళ చిన్నతనంలోనే పోయాడు. పెద్దది స్వర్ణలత, మొగుడు వదిలేశాక కువైట్‌లో ఒకరి ఇంట్లో పనికి కుదిరింది. చిన్నది యామిని, మైదుకూరులో ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. పెద్దది ఎవరూ లేపకుండానే లేచి, అమ్మ కంటే ముందు పొయ్యి అంటించే పిల్ల. చిన్నదానికి నిద్ర పిచ్చి. ఆదివారం ఎండ గడప దాటి, చాప అంచు మీదుగా పాకి, దాని పాదాలు పట్టుకున్నా కదిలేది కాదు. పొయ్యి దగ్గర సంగటి కట్టె తిప్పుతూ తల్లి పిలిచేది.

"లెయ్ అమ్మీ, సంగటి సల్లారిపోతాండాది లెయ్."

సంగటి వేడిగా ఉన్నంతసేపే సంగటి, చల్లారితే గట్టిపడిపోతుంది. ఆ సంగతి తెలిసిన యామిని కళ్ళు తెరవకుండానే, రాయైనా తింటాలే పోమ్మా, అనేది. పిలుపూ జవాబూ కలిసి వాళ్ళ ఇంట్లో పొద్దు పొడుపు.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు యామినికి జ్వరం తగిలింది. డెంగీ అన్నారు. మైదుకూరు నుంచి కడపకు తీసుకుపోతే, అక్కడినుంచి తెల్లగుడ్డలో తిరిగి వచ్చింది.

చాప మీదే పడుకోబెట్టారు. ఊరంతటికీ శోకం పెట్టిన మనిషి తన వంతు వచ్చేసరికి ఏమంటుందోనని ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. సుబ్బరత్నమ్మకు బతుకు కథ ఏదీ గుర్తు రాలేదు. ఇరవై మూడేళ్ళ పిల్లకు కథ ఎంత ఉంటుంది. పాదాలు పట్టుకుని ఊపుతూ, "లెయ్ అమ్మీ, సంగటి సల్లారిపోతాండాది లెయ్" అనింది. మళ్ళీ అదే అనింది. పాడె కట్టేదాకా ఆమె నోట ఇంకో మాట లేదు.

స్వర్ణలత రాలేకపోయింది. పనిచేసే ఇంటి యజమానురాలు పాస్‌పోర్టు చేతికి ఇవ్వలేదు. చెల్లెల్ని కడసారి చూపించమని ఆ పిల్ల ఫోన్లో బతిమాలితే, ఆటో తోలే మేనల్లుడు ప్రవీణ్ శవం పక్కన నిలబడి ఫోను పట్టుకున్నాడు. సిగ్నలు మాటిమాటికీ తెగిపోతుంటే, అదంతా వీడియో తీసి పంపించాడు. ఎవరికీ అది తప్పు అనిపించలేదు. అక్కకు చెల్లెలి ముఖం చూపించడం తప్పెట్లా అవుతుంది.

చలికాలం వచ్చింది. ఒకరోజు సుబ్బరత్నమ్మ పల్లెవెలుగు బస్సులో మైదుకూరుకు పోతోంది. కిటికీ బయట పసుపు ఉడికే ఆవిరి చేల మీద తెల్లగా తిరుగుతోంది. ముందు సీట్లోంచి ఉన్నట్టుండి శోకం వినిపించింది. ఆడమనిషి గొంతు, పచ్చి గొంతు. ఆమె చెయ్యి తనంతట తానే కొంగును నడుముకు చుట్టబోయింది. ముందుకు వంగి, అక్కడ కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లల్ని అడిగింది.

"ఎవురమ్మా పోయింది?"

ఇద్దరిలో ఒకతి వెనక్కి తిరిగి నవ్వింది. "ఎవురూ పోల్యా అవ్వా, కామెడీ ఇది. సూడు."

ఫోన్లో ఒక కుక్కపిల్ల వెల్లకిలా పడి నిద్రపోతోంది. దాని మీదుగా ఆ గొంతు, లెయ్ అమ్మీ, సంగటి సల్లారిపోతాండాది లెయ్. పిల్ల వేలితో పైకి తోసింది. అవుటై, తల దించుకుని పోతున్న క్రికెట్ ఆటగాడు, అదే గొంతు. మీటింగులో కునికే పెద్దమనిషి, అదే గొంతు. చివర ఏదో హోటల్ వాళ్ళ ప్రకటన. అరిటాకు మీద సంగటి ముద్ద, గుంటలో నెయ్యి, పక్కన చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, దాని మీద కూడా అదే గొంతు. ఆ గొంతు తనదని సుబ్బరత్నమ్మకు అప్పుడు తెలిసింది. మనిషికి తన గొంతు బయటినుంచి తెలియదు. తెలిసేసరికి ఆమె శరీరమంతా సిగ్గు పాకింది, జనం మధ్యలో ఎవరో చీర లాగినట్టు.

మైదుకూరు బస్టాండు పక్కన సెల్ రిపేరు అంగడి ఫిరోజాది. యామినితో డిగ్రీ చదివిన పిల్ల. సుబ్బరత్నమ్మ బల్ల మీద ఫోను పెట్టి, దీంట్లో నా ఏడుపు ఉండాదంట, తీసెయ్ అని అడిగింది. ఫిరోజా ముఖం చూస్తే ఆ పిల్లకు ముందే తెలుసునని అర్థమైంది. చెప్పడానికి నోరు రాలేదంతే.

ఫిరోజా ఆ వీడియోలు నడిపే కంపెనీకి ఫిర్యాదు పెట్టింది. ఫిర్యాదుకు కారణం వాళ్ళు ఇచ్చినవాటిలోంచే ఏరుకోవాలి. ఒంటిమీద బట్టలు లేకపోవడం ఉంది, కొట్లాట ఉంది, మోసం ఉంది. ఇది నా బిడ్డ శవం ముందు నేను ఏడ్చిన ఏడుపు అనే కారణం లేదు. ఉన్నవాటిలో దగ్గరిది నొక్కింది. టీ తాగేలోపు జవాబు వచ్చింది, మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనపడలేదని. మనిషెవరూ చూసి ఉండరని ఫిరోజా అనింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అదే జవాబు.

"ఆ కంపెనీ యాడుండాది? ప్రవీణ్ ఆటోలో పొయ్యి అడుగుదాం."

"యాడికని పోతావు పెద్దమ్మా. వాళ్ళకు మన ఏడుపూ ఒకటే, నవ్వూ ఒకటే. మనం ఎంతసేపు సూస్తాండామో అదొక్కటే కావాల."

తీసేయడం కోసం ఆ ఫోన్లో అంతసేపు వెతికారు కదా, అది సుబ్బరత్నమ్మకు ఇష్టమైన పాట అనుకుంది ఫోను. మర్నాడు తెరిచీ తెరవగానే తెచ్చి ముందు పెట్టింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా పెట్టింది. ఒకప్పుడు ఆమె కూతుర్ని లేపిన మాటతో ఇప్పుడు ఫోను ఆమెను లేపుతోంది.

రెండోసారి పోయినప్పుడు, మొదట పెట్టింది ఎవరని అడిగింది. ఫిరోజా ఒక్కొక్కటే వెనక్కి వెతుక్కుంటూ పోయింది. చివరకు తెర ఆమె వైపు తిప్పింది. వీడియో అక్కడ లేదు, ఎప్పుడో తీసేశారు. పెట్టినవాళ్ళ బొమ్మ మాత్రం మిగిలింది. అహోబిలంలో గుడి మెట్ల మీద తీసుకున్న ఫోటో. ఇద్దరు ఆడపిల్లలు, ఒకే రంగు ఓణీలు, చిన్నది పెద్దదాని భుజం మీద గడ్డం ఆనించి ఉంది.

సుబ్బరత్నమ్మ చాలాసేపు చూసింది. ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనింది.

ఇంటికొచ్చి ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. బావిలో పారేయాలని ఉంది. కానీ కువైట్ నుంచి స్వర్ణ ముఖం వచ్చే దారి అదొక్కటే. ఆ ముఖాన్ని తెచ్చేదీ, ఈ గొంతును ఊరూరా తిప్పేదీ ఒకే కంపెనీ అని ఫిరోజా చెప్పింది. ఒక కూతుర్ని దాచుకుందామంటే ఇంకో కూతురు తెగిపోతుంది. డబ్బాలో ఫోను మోగేది. బియ్యం గింజలు సన్నగా వణికేవి. ఆమె మూత మీద చెయ్యి పెట్టి కూర్చునేది.

అదే నెలలో తిమ్మయ్య పోయాడు. నిండు వయసు, ఊరికంతటికీ పెద్దాయన. సుబ్బరత్నమ్మ వస్తుంటే ఆయన కోడలు జ్ఞానమణి గడప ముందు చేట పెట్టి, అందరి ఫోన్లూ అందులో వేయించింది. యువకులు గొణిగారు, అయినా వేశారు. అంతా సర్దుకున్నాక సుబ్బరత్నమ్మ తిమ్మయ్య పాదాల మీద చెయ్యి వేసి నోరు తెరిచింది. గొంతు మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. చేటలో ఏదో ఒక ఫోను వెలిగి ఆరింది. ఆమె తల దగ్గరికి జరిగి, శవం చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినపడకుండా ఏదో చెప్పుకుంది. చుట్టూ ఆడవాళ్ళు మెడలు చాచారు. పెదవులు కదలడమే కనిపించింది. ఆ రోజు ఆ ఇంట్లో ఏడుపు ఉంది, శోకం లేదు.

ఆ సాయంత్రం ఫిరోజా తనే ఊరికి వచ్చింది. బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, ఆ కంపెనీ యాపులు ఒక్కొక్కటే పీకేసింది. వాటి బదులు ఇంకొకటి ఎక్కించింది. దీన్ని లాభానికి నడిపేవాళ్ళు లేరని, చందాలతో నడుస్తుందని, ఇక్కడ అన్న మాట అన్నవాళ్ళకూ విన్నవాళ్ళకూ తప్ప దాన్ని చేసినవాళ్ళకు కూడా వినపడదని చెప్పింది.

"అంటే మన షామియానా మాదిరి" అనింది సుబ్బరత్నమ్మ.

ఫిరోజా తల ఊపింది. అప్పటికే కువైట్‌కు కబురు పెట్టి, స్వర్ణ చేత కూడా అదే ఎక్కించిందట.

శుక్రవారం పొద్దున, యజమానులు ఇంకా లేవకముందు స్వర్ణ ఫోను చేసింది. తల్లి పొయ్యి ముందు ఉంది. ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టింది. ఆ చివర స్వర్ణ వెనక తెల్లటి గోడ, ముఖం కళ్ళ కింద వాచి ఉంది.

"మా, అది నేనే పెట్నా."

"తెలుసు."

ఆ పిల్ల గబగబా చెప్పుకుంటూ పోయింది. పిల్లల ముందు ఏడవొద్దని ఆ ఇంటావిడ అనిందట. స్నానాల గదిలో తలుపేసుకుని ఆ వీడియో చూసేదట. తనతో పాటు ఏడ్చేవాళ్ళు ఎవరైనా ఉంటారని పెట్టిందట. మొదటి రోజు ఎవరెవరో ఏడ్చే బొమ్మలు పెట్టారు, ఎవరో తెలియనివాళ్ళు అమ్మా ధైర్యంగా ఉండు అని రాశారు. అన్నీ చదువుకుందట, చావింటికి జనం వచ్చినట్టు అనిపించిందట. తర్వాత నవ్వే బొమ్మలు వచ్చాయి. తీసేసింది. అప్పటికే ఎవరో గొంతును మాత్రం కోసుకుని పోయారు.

సుబ్బరత్నమ్మకు కోపం రాలేదు. వస్తుందేమోనని ఇన్ని రోజులు భయపడింది. కూతురు పాపం చావింటికి జనాన్ని పిలుచుకుంది, అంతే కదా. శోకంలో విన్న మాటను దాటించకూడదని ఆ జనానికి చెప్పేవాళ్ళు లేరు.

"మా" అనింది స్వర్ణ. "ఈడ ఎవురూ ఇనరని ఫిరోజా సెప్పినాది. చెల్లెల్ని లేపినట్టు నన్నొగసారి లేపు మా. నన్ను నువ్వెప్పుడూ లేపలేదు."

నిజమే. తనంతట తనే లేచే పిల్లను ఎవరు లేపుతారు.

తల్లి నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చింది. దాని వెనకాలే కుక్కపిల్ల వచ్చింది, క్రికెట్ ఆటగాడు వచ్చాడు, అరిటాకు మీద నెయ్యి మెరిసింది. ఆ మాటను ఇప్పుడు తను అంటే, అందరూ అన్నట్టే తనూ అన్నట్టుంటుంది. యామిని నిద్రలో ఉన్న ఆ చాప, ఎండ, పాదాలు ఎంత తడిమినా అందులో తగల్లేదు. వినేవాళ్ళు ఎవరూ లేని చోటు చివరికి దొరికింది. అక్కడ అనుకోవడానికి మాట మిగల్లేదు.

"రాల్యా అమ్మీ" అనింది. "నాకు రాల్యా."

స్వర్ణ ఫోను పెట్టేయలేదు.

సుబ్బరత్నమ్మ ఉడికే బియ్యంలో రాగిపిండి పోసి, సంగటి కట్టె తీసుకుని తిప్పడం మొదలుపెట్టింది. కుండ అడుగున కట్టె రాసుకునే చప్పుడు, పిండి బిగుసుకునేకొద్దీ బరువెక్కే చప్పుడు, కువైట్‌లో ఆ గదిలోకి పోతోంది. స్వర్ణ కళ్ళు మూసుకుని, గోడకు తల ఆనించి వింటోంది. తల్లి ముద్ద చేసి పళ్ళెంలో పెట్టి, ఆ పళ్ళేన్ని ఫోను ముందు ఉంచింది. ఆవిరి కాసేపు తెరను మసకబరిచింది. అది విడిపోయేటప్పటికి స్వర్ణ నిద్రపోతోందో, ఏడుస్తోందో తెలియలేదు.

ఆమె పిలవలేదు. పళ్ళెంలో సంగటి మెల్లగా చల్లారి, పైన బిరుసు పొర కట్టింది.